మమ్మల్ని మ్యాపులో చూసుకున్న మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. వినుకొండలో తన ఇంట్లోనే, ఉదయం ఇడ్లీ తిని, ఫ్యాను తగ్గించమని భార్యకు సైగ చేసి, ఆవిడ తగ్గించి వెనక్కి తిరిగేలోపే పోయారు. షమీమ్ ఫోన్ చేసేసరికి నేను గుంటూరులో, పాఠాలు చెప్పే స్కూలు వరండాలో ఉన్నాను. "ఏమే, మాస్టారు..." అని ఆగిపోయింది. 

ఊళ్లో చాలామందికి ఆయన కబడ్డీ మాస్టారుగానే గుర్తుంటారు. కానీ చివరి కొన్నేళ్లు ఆయన నాతో, నాతోపాటు చదివిన షమీమ్‌తో, నాగమణితో కలిసి కంప్యూటర్లో ఆట ఆడారు. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలో కొందరు, ఈ వయసులో ఆయనకిదేం పిచ్చి అని నవ్వారు. ఆ పిచ్చి ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం హైస్కూల్లో చేరేనాటికి ఆడపిల్లలకు డ్రిల్లు పీరియడంటే గోడ నీడన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. ఆయన వచ్చి, లేవండమ్మా అని, సున్నంతో గీతలు గీసి, మమ్మల్ని రెండు జట్లు చేశారు. మొదటి వారం మోకాళ్లు చీరుకుపోయాయి. రెండో వారం మేమే ముందుగా వెళ్లి సున్నం కలిపాం.

పత్తి తీతలు మొదలైతే మాలో సగంమంది బడికి రారు. జిల్లా పోటీలకు వెళ్లాల్సిన ఏడాది మా నాన్న నన్ను పంపనన్నాడు. కూలీలు దొరకట్లేదు, పిల్ల చేలోకి రావాల్సిందే అని తేల్చేశాడు. మాస్టారు వాదించలేదు. ఆదివారం పొద్దున్నే లుంగీ కట్టుకుని మా చేలోకొచ్చి, నడుముకు గుడ్డ చుట్టుకుని సాలులోకి దిగారు. పత్తి తీయడం ఆయనకు చేతకాదు. ఎండు కాయల పెంకులు గుచ్చుకుని వేళ్లు గీరుకుపోయాయి, తీసిన పత్తి నిండా ఆకు నలుసులే. మధ్యాహ్నానికి మా నాన్నకు చూడలేక విసుగొచ్చింది. "మీరు పాడు చేసేదానికంటే మా పిల్లని తీసుకుపోవడమే నయమండి మాస్టారూ" అన్నాడు. ఆయన నవ్వుతూ గుడ్డ విప్పి ఇచ్చేశారు.

ఆయనకొక అలవాటుండేది. ఎక్కడికి తీసుకెళ్లినా, ఏ పని చేస్తున్నా, మధ్యమధ్యలో ఆగి మా అందరి ముఖాలూ ఒకసారి చూసుకునేవారు. ఒంగోలులో గెలిచి వస్తున్న రోజు బస్సు కదిలింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, వెంటనే కండక్టరును ఆపమన్నారు. నాగమణి లేదు. నీళ్ల కోసమని దిగి, జనంలో బస్సు ఏదో తెలియక నిలబడిపోయింది. కండక్టరు ఆగడానికి ఒప్పుకోకపోతే ఆయన మా అందర్నీ దించేశారు. కప్పు చేతిలో పట్టుకుని తర్వాతి బస్సు కోసం చాలాసేపు ఎదురుచూశాం. ఎవరో సణిగితే ఆయన అన్న మాట మాకందరికీ గుర్తే. "ఒకదాన్ని వదిలేసొచ్చి గెలిచామని నాకు చెప్పకండి."

పెద్దయ్యాక ఎవరి దారి వాళ్లది. షమీమ్ సాఫ్ట్‌వేరులో చేరి, పెళ్లయ్యాక వినుకొండలో ఇంటి నుంచే పని చేసుకుంటోంది. నాగమణి చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో ఆఫీసు చూసుకుంటోంది. మాస్టారు రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది.

మేం ముగ్గురం చూడ్డానికి వెళ్లాం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అంతకంటే ఘోరం, ఆయనకు కావలసిన మాట రావడం లేదు. నన్ను చూసి "కుర్చీ" అన్నారు. తను అన్నది తప్పని ఆయనకు తెలుసు. మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అదే మాట వచ్చింది. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివర్దాకా మా పేర్లు పెట్టి కేకలేసిన మనిషి మా ముఖాలకేసి చూస్తూ పేర్లు వెతుక్కుని, దొరక్క, గోడవైపు తిరిగిపోయారు. మేం బయటికొస్తుంటే అమ్మగారు, అంటే మాస్టారి భార్య, గేటు దాకా వచ్చారు. మీరు వస్తే ఆయన ఇంకా బాధపడుతున్నారమ్మా, కొన్నాళ్లు రాకండి, ఏమనుకోకండి అని చెప్పారు.

ఆట ఆలోచన షమీమ్‌ది. తన ఆఫీసువాళ్లతో అది ఇంటర్నెట్లో ఒక ఆట ఆడేది. కొండలు, అడవులు, పాడుబడ్డ కోటలు ఉన్న పెద్ద లోకం, అందులో నలుగురేసి జట్టుగా తిరగడం. మాట్లాడకుండానే కలిసి ఉండొచ్చు కదే అంది. అమ్మగారిని ఒప్పించి మాస్టారి గదిలో కంప్యూటరు పెట్టి, ఎడమ చేత్తో మౌసు పట్టుకోవడం నేర్పింది. నేను గుంటూరు నుంచి, నాగమణి చీమకుర్తి నుంచి కలిశాం.

మొదటిరోజే చెడిపోయింది. జబ్బు ఆయన చూపును కూడా సగం తినేసిందని మేం అప్పటిదాకా పట్టించుకోలేదు. రెండు కళ్లలోనూ కుడి పక్క కనపడదు. అన్నం పెడితే పళ్లెంలో కుడివైపుది అలాగే మిగిలిపోయేది, అమ్మగారు పళ్లెం తిప్పి పెట్టేవారు. ఆ ఆటలో మ్యాపు ఉండేది కుడివైపు మూలన, అరచేతిలో సగమంత. పైగా జట్టులోవాళ్లు దగ్గర్లో ఉంటేనే అందులో కనపడతారు, దూరం పోతే మాయం. మేం ముందుకు వెళ్లిపోయాం, ఆయన అడవిలో ఒంటరిగా మిగిలిపోయారు. ఎటు తిరిగినా చెట్లే. కాసేపటికి మౌసు తోసేసి కళ్లు మూసుకున్నారని షమీమ్ చెప్పింది.

షమీమ్ అక్కడితో వదల్లేదు. ఇలాంటి ఆటలకు, ఆడేవాళ్లే రాసి తగిలించుకునే చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. యాడ్ ఆన్ అంటారు. మన జట్టువాళ్లు ఎంత దూరంలో ఉన్నా మ్యాపు మీద చూపించే యాడ్ ఆన్ ఒకటి దానికి దొరికింది. ఆట తయారుచేసినవాళ్లు ఒప్పుకున్నదేనని చూసుకుని, దాన్ని మాస్టారి కోసం మార్చడానికి కూర్చుంది. మ్యాపును పెద్దది చేసి తెర ఎడమవైపుకు తెచ్చింది. మా ఒక్కొక్కరికీ శనగగింజంత చుక్క పెట్టింది. నాకు ఎరుపు, నాగమణికి నీలం, తనకు ఆకుపచ్చ, మాస్టారికి తెలుపు. ఆయన మ్యాపు మీద ఎక్కడ నొక్కితే అక్కడ మా మ్యాపుల్లో కూడా ఒక గుర్తు వెలిగేలా చేసింది.

రమ్మంటే మాస్టారు మొదట తల అడ్డంగా ఊపారట. మళ్లీ ఓ ఆదివారం మధ్యాహ్నం అమ్మగారు బతిమాలితే కూర్చున్నారు. నా మ్యాపులో తెల్లచుక్క చాలాసేపు కదల్లేదు. తర్వాత ఉన్నట్టుండి వాగు పక్కన ఒక గుర్తు వెలిగింది. మేం ముగ్గురం అక్కడికి పరిగెత్తాం. వంతెన అవతల ఇంకో గుర్తు. ఈ గుర్తు దగ్గర నువ్వు, నీ వెనక షమీమ్, ఆ చివర నాగమణి అన్నట్టు ఆయన మమ్మల్ని నిలబెడుతున్నారని నాకు కాసేపటికి అర్థమైంది. కబడ్డీలో కూతకొచ్చినవాళ్లను పట్టడానికి మమ్మల్ని అలాగే నిలబెట్టేవారు. నాగమణి కూడా గుర్తుపట్టింది. హెడ్‌ఫోన్లో, "మాస్టారు వచ్చేశారే" అంది.

అప్పటినుంచి ఆదివారాలు మావి. కత్తి తిప్పడం ఆయన వల్ల కాదు, తిప్పనూ లేదు. మేం కొట్లాడితే ఆయన మ్యాపు చూసేవారు. ఎవరి చుక్కైనా వెనకబడితే అందరికీ ఆగమని గుర్తు పడేది. ఒకసారి ఆట తయారుచేసినవాళ్లు దాన్ని కొత్తగా మార్చారు, దాంతో యాడ్ ఆన్ పనిచేయడం మానేసి చుక్కలన్నీ పోయాయి. మర్నాడు పొద్దున్నే అమ్మగారు షమీమ్‌కు ఫోన్ చేశారు. "ఆయన అన్నం సరిగా తినట్లేదమ్మా. మీరు కనపడట్లేదని సైగ చేస్తున్నారు" అన్నారు. షమీమ్ ఆఫీసుకు సెలవు పెట్టి బాగు చేసింది.

నాగమణి ఒప్పుకుంది కాబట్టే ఈ తర్వాతి సంగతి రాస్తున్నాను. ఒక ఆదివారం కోట దగ్గరికి వెళ్తున్నాం. నాగమణి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. పనిలో ఉందేమో అనుకున్నాం. దాని నీలిచుక్క ఏటి ఒడ్డున ఆగిపోయింది. నెట్ పోయి ఉంటుంది, వస్తుందిలే అని నేనూ షమీమూ ముందుకు నడిచాం. తెల్లచుక్క మాత్రం వెనక్కి తిరిగింది. మాస్టారికి మలుపులు తిరగడం కష్టం, చెట్లకు గుద్దుకుంటూ, దారి తప్పుతూ, మళ్లీ సర్దుకుంటూ వెళ్తోంది. మేమిద్దరం కూడా వెనక్కి వెళ్లాం. వెళ్లేసరికి ఏటి ఒడ్డున నాగమణి బొమ్మ పక్కన ఆయన బొమ్మ నిలబడి ఉంది.

హెడ్‌ఫోన్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఏదో అనబోయి ఆగారు. "గేటు" అన్నారు. కాదని ఆయనకే తెలిసి ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఊపిరి పీల్చుకుంటూ, "నా... గ... మణి" అన్నారు.

జబ్బు చేశాక మాలో ఎవరి పేరైనా ఆయన నోటి వెంట రావడం అదే మొదలు.

నాగమణి ఏడ్చింది. పెళ్లయిన చాన్నాళ్లకు నిలిచిన కడుపు ఆ వారమే పోయిందని అప్పుడు చెప్పింది. అత్తగారింట్లో ఎవరూ ఆ ఊసే ఎత్తడం లేదని, ఆఫీసులో సెలవు కూడా అడగలేకపోయానని, ఎవరికీ చెప్పకుండా మామూలుగా ఆడేసి పోదామనుకున్నానని చెప్పింది. మాస్టారికి మాటలు లేవు. ఆయన అక్కడే నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. ఆ రోజు ఆట అంతే. మర్నాడు నేను బస్సెక్కి చీమకుర్తి వెళ్లి నాగమణి దగ్గర ఉండొచ్చాను. ఆయన వెనక్కి తిరగకపోతే నేను వెళ్లి ఉండేదాన్ని కాదు, నాకసలు తెలిసేదే కాదు.

ఆ తర్వాత మా పేర్లు ఒక్కొక్కటే ఆయనకు తిరిగొచ్చాయి. మిగతా మాటల్లో చాలా భాగం చివరిదాకా రాలేదు. అయినా మేం ఇంటికి వెళ్తే మళ్లీ గోడవైపు తిరగలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, ముగ్గురి ముఖాలూ వరసగా చూసి, కూర్చోమనేవారు. నాగమణికి పాప పుట్టాక తీసుకెళ్లి చూపిస్తే, పసిదాని మోకాలు పట్టుకుని అటూ ఇటూ కదిపి, గట్టిదే అన్నట్టు తల ఊపారు.

పెద్దకర్మ రోజు చుట్టాలంతా వెళ్లిపోయాక అమ్మగారు మా ముగ్గుర్నీ ఆయన గదిలోకి పిలిచారు. మేం ఆడేటప్పుడు ఆవిడ టీ తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్లిపోయేవారేగానీ ఎప్పుడూ తెరకేసి చూసింది లేదు. "ఇన్నాళ్లూ ఆయన మీతో ఎక్కడెక్కడ తిరిగేవారో నాకొకసారి చూపించండమ్మా" అన్నారు.

షమీమ్ ఆట తెరిచింది. కొండ వాలు మీద, రాతి మండపం ముందు, కిందటిసారి ఆయన ఆపిన చోటే ఆయన బొమ్మ నిలబడి ఉంది. ఎడమవైపు మ్యాపు మీద తెల్లచుక్క ఒక్కటే. అమ్మగారు కుర్చీ అంచున కూర్చుని ముందుకు వంగారు.

"ఈయనేనా?"

"అవునండి" అంది షమీమ్.

ఆటలో వాన మొదలైంది. ముందు నాలుగు చినుకులు, తర్వాత జోరుగా. మండపం చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. కాయలు తడుస్తాయంటూ అమ్మగారు గబుక్కున లేచి పెరటి గుమ్మంలోకి వెళ్లారు. పక్కింటివాళ్ల పెరట్లో మిరపకాయలు పట్టాల మీద ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆవిడ ద్వారబంధం మీద చెయ్యి పెట్టి ఆ కాయలకేసి చూస్తూ అలాగే నిలబడ్డారు. వెనక గదిలో వాన చప్పుడు కురుస్తూనే ఉంది.