శుక్రవారం బయటికి రాని డబ్బు

చెరుకు కోతలు అయిపోయి కూలీల ఇళ్లలో పని లేని వేసవి అది. నాకూ పని లేదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. నిజామాబాద్‌లోని ఒక దాతల కమిటీ బోధన్ బడిలో కూలీల పిల్లలకు శిబిరం పెట్టి, డబ్బు వాడకం నేర్పమని నన్ను కుదుర్చుకుంది. రాబడి, ఖర్చు, మిగులు, అప్పు, వడ్డీ, చివరికి పోస్టాఫీసు ఖాతా: పాఠాలన్నీ మూడు రంగుల సిరాతో పెద్ద కాగితం మీద గీశాను.

పిల్లలకు రంగులు నచ్చాయి, వడ్డీ నచ్చలేదు.

"మన పైసలు దాస్తే గాళ్లెందుకు ఎక్కువిస్తరు సారూ? ఏదో మతలబున్నది" అంది వెనక వరస. మతలబేమీ లేదని ఒప్పించడానికే రెండు పూటలు పట్టింది.

వాళ్లలో ఒక పదిహేడేళ్ల అమ్మాయి ఒక్కతే గట్టిగా పట్టుకుంది. తండ్రి లేడు, తల్లి చెరుకు తోటల్లో కలుపు తీస్తుంది. వాళ్ల వాడ చివర ఉండే ముసలి దర్జీ చూపు తగ్గి కుట్టుమిషన్ అమ్ముతున్నాడు. శుక్రవారం కల్లా బయానా ఇస్తే ఆమెకు, లేకపోతే శనివారం వచ్చే ధర్మాబాద్ బేరగాడికి. మిగతా డబ్బు నెలనెలా కట్టుకోవచ్చు. శిబిరం ముగింపు రోజున కమిటీ అధ్యక్షుడి ఎదుట ఖాతా తెరిచిన వాళ్లకు, వాళ్లు వేసినంత సొమ్ము కమిటీ తన వంతుగా చేతికిస్తుంది. ఆమె మట్టి గల్లగురిగిలో దాచింది ఖాతాలో వేస్తే, బయానాకు సరిపోయేంత వస్తుంది.

ముగింపు రోజు శుక్రవారం.

ఆ మాట చెప్పగానే తరగతంతా అడ్డం తిరిగింది. "శుక్రారం ఇంట్లకెళ్లి పైసలు బయట పెడ్తరా సారూ? లచ్చి పోతది" అన్నారు. ఆ అమ్మాయి తల్లి బడికే వచ్చింది. "శుక్రారం నాడు గురిగి పగలగొట్టుమంటవా? నీకు అవ్వ లేదా?"

రోజు మార్పిద్దామని మంగళవారం బస్సెక్కి నిజామాబాద్ పోయాను. అధ్యక్షుడు తన దుకాణంలోనే ఉన్నాడు. "నాకు తీరిక శుక్రవారమే. డబ్బుకు వారమేందయ్యా, చదువుకున్నోనివి!" అన్నాడు. ఇంతలో ఎవరో అప్పుకొచ్చారు. "ఇయ్యాల మంగళారం, రేపు రా" అని వాణ్ణి పంపించేశాడు. నేను తిరుగు బస్సెక్కాను. చార్జీలు నావే.

గురువారం పాఠం మధ్యలో ఆ అమ్మాయి లేచింది. "మా ఇంట్లకెళ్లి పైసలు శుక్రారం పోవద్దు గని, గురువారం పోతే ఏం?"

"గురువారం పోయి ఎక్కడుంటుంది?" విసుక్కున్నాను.

"చాచీ ఇంట్ల."

చాచీ అంటే దర్జీ భార్య. సాయంత్రం నన్నూ తోలుకుపోయింది. చాచీ పడీపడీ నవ్వింది. "శుక్రారమంటే మాకు జుమ్మా, మంచి దినమే బేటా. మీ లచ్చి ఒక్క రాత్రి నా దగ్గర పండుకుంటే ఏం పోతది, తే!" గురువారమే గనక తల్లి ఒప్పుకుంది, గురిగి పగిలింది. అయితే దీపం పెట్టాక కూడా పైసలు గడప దాటవద్దట. పొద్దు కుంకుతుంటే తల్లి చిల్లర ఏరి కొంగులో పోసి, "దీపం పెట్టకముందే ఉరుకు" అని తరిమింది. ఆ వాడలోని పిల్లలందరూ అదే దారి పట్టారు. చాచీ ఒక్కొక్కరి మూట ఒక్కో గిన్నె కింద బోర్లించింది.

శుక్రవారం మూటలన్నీ చాచీ గడప నుంచి పోస్టాఫీసుకు పోయాయి. అధ్యక్షుడు చప్పట్లు కొట్టి, "చూసినవా, మూఢనమ్మకం పోయింది" అని నా భుజం తట్టాడు. ఆ అమ్మాయి చేతికొచ్చిన సొమ్ముతో నేరుగా పోయి దర్జీకి బయానా ఇచ్చింది. మిషన్ ఆమెదైంది.

శనివారం పొద్దున్నే మిషన్‌ను ఆమె ఇంటికి చేర్చడానికి తోపుడు బండి మాట్లాడుకుని దర్జీ ఇంటి ముందు నిలబడ్డాను. తల్లి అడ్డం వచ్చింది.

"శనారం ఇనుము ఇంట్లకు తెస్తరా సారూ? గింత చదువుకుంటివి!"

బండివాడికి ఊరికే కూలి ఇచ్చి పంపాను. లోపల మిషన్ టకటకలాడుతోంది. ఆ అమ్మాయి చాచీ ఇంట్లోనే కూర్చుని చాచీ చిరిగిన పరదా కుడుతోంది. నన్ను చూసి తల ఎత్తింది. "ఎట్లాగూ నిలవడ్డవు సారూ, అంగీ కొలతిచ్చి పో. రేపు తీస్కపో."

కొలత ఇచ్చాను. ఆదివారం ఏం చేయకూడదో మాత్రం అడగలేదు.