చాంపియన్ కొట్టిన చెవి

పంక్చర్ల షాపు మేస్త్రీకి ఎడమ చెవి వినపడదు. ముక్కు పక్కకు ఒరిగి ఉంటుంది. టైరు విప్పుతూ, ఎవరూ అడగకముందే ఆ చెవి చూపిస్తాడు. "ఇది చాంపియన్ కొట్టిన దెబ్బ. కుర్రతనంలో ఇద్దరం ఒకే బాక్సింగ్ రింగులోకి దిగాం. రెండో రౌండులోనే పడుకోబెట్టేశాడు." గోడమీది చాంపియన్ ఫొటోను రోజూ గ్రీజు అంటని మోచేత్తో తుడుస్తాడు. గెలిచినవాళ్లు కూడా అంత గర్వంగా చెప్పుకోరు.

నిన్న మధ్యాహ్నం టీవీలో వార్త వచ్చింది. చాంపియన్ మొదటినుంచీ బలానికి ఇంజెక్షన్లు చేయించుకున్నాడన్న అనుమానంతో విచారణ మొదలైందట. షాపులో కూర్చున్న బావమరిది నవ్వాడు. "చూశావా బావా, నీ చెవి పోగొట్టింది ఆయన చెయ్యి కాదు, సూది." మాట పూర్తయ్యేలోపే మేస్త్రీ పిడికిలి అతని మూతిమీద పడింది. టైర్లమీద వెల్లకిలా పడ్డవాణ్ణి కాలరు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. పన్నొకటి ఊడి గ్రీజులో పడింది. "ఇంకా రుజువు కాలేదురా," అన్నాడు రొప్పుతూ. బావమరిది నెత్తురు ఉమ్మి, "అంత నమ్మకముంటే ఇంత కోపమెందుకు బావా?" అన్నాడు. మళ్లీ లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఈ ఉదయం ఫొటో గోడమీదే ఉంది, తుడవలేదు. స్కూటరు తెచ్చినాయన, "ఆ చెవికేమైందన్నా?" అని అడిగాడు. మేస్త్రీ ట్యూబును నీళ్లలో ముంచి, బుడగల కోసం చూస్తూ, "చిన్నప్పట్నుంచీ ఇంతే," అన్నాడు.