ఎనభై అయిదు మీటర్ల కేబుల్

2010 వానాకాలంలో ఒక ఉదయం ఆరింటికి కామారెడ్డి స్టేషన్‌లో దిగాం. నలుగురం, సైన్యంలో సిగ్నల్స్ దళం వాళ్లం, వరద సాయానికి వచ్చాం. సొంత జిల్లాలో నాకు డ్యూటీ పడటం సర్వీసు మొత్తంలో అదొక్కసారే. వాన తెరిపి లేకుండా పడుతోంది. ట్రక్కు తాడ్వాయి మీదుగా వెళ్లింది. మా ఇంటి మలుపు దగ్గర కూడా ఆగలేదు.

ఎల్లారెడ్డి కంట్రోల్ రూమ్‌లో మా ఆపరేటర్, విజయనగరం అతను, దిగిపోయాడు. సుబేదార్, పడవ నడిపే హవల్దార్, నేను వాగు ఒడ్డున ఒక బడిలో మకాం పెట్టాం. అవతలి ఒడ్డున చిన్న పల్లె. చాలామందిని ముందురోజే తరలించారు. పదకొండు మంది మిగిలారు. ఎగువన చెరువు నిండి ఉంది. దాని కట్ట తెగితే వార్త ముందు ఎల్లారెడ్డికి, అక్కడి నుంచి మాకు చేరాలి. కరెంటు లేక సెల్ టవర్లు పనిచేయడం లేదు. మా వాకీటాకీలు గుట్టలు దాటి అందవు.

ఆ వార్త వచ్చే దారి వేయడం నా పని. బడి వెనుక గుట్ట మీద ఎల్లారెడ్డికి గురిపెట్టిన రేడియో. అక్కడి నుంచి బడి గదిలోని ఫోన్ దాకా ఎనభై అయిదు మీటర్ల నెట్‌వర్క్ కేబుల్. అందులో ఎనిమిది సన్నని తీగలు, రెండేసి మెలివేసిన నాలుగు జంటలు. వానలో కూర్చుని రెండు కొసలకూ కనెక్టర్లు బిగించాను. టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలిగాయి. ఫోన్ పలికింది. మధ్యమధ్య మాట తెగింది. వాన వల్ల అనుకున్నాను.

పన్నెండింటికి పడవలో అవతలికి వెళ్లాను. ఒక అవ్వ కదలనంటోంది. ఆమెకు మూడు బర్రెలు.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"తాడ్వాయి దిక్కు అవ్వా."

"అయితె నీకెరుకనే. ఊకె విప్పితె వాగుల వడ్తయి. గుట్టమీదికి తోలాలె. గంట పడ్తది."

"మరి ఇప్పుడే తోలరాదు?"

"ఈ వానల ఆడ ఎంతసేపు నిలవెడ్త? ఒకటి ఈనేటట్టున్నది. మొన్నటిసంది తెగుతది తెగుతది అంటున్రు. తెగిందా?"

ఆమె మరిది నవ్వాడు. "మా వదినె బర్లకు పెండ్లి జేసెదాక కదలదు సారూ."

"కట్ట తెగినంక నీళ్లు ఈడికి రానీకె గంటన్నర పడ్తదట. తెగంగనె నాకు ఫోనొస్తది. గంట ముందుగాల జెప్త అవ్వా."

"నీ ఫోను మీద నమ్మకమేనా?"

"నేనే ఏసిన వైరు."

ఆమె సరేనంది.

రెండింటికి హవల్దార్ వాకీటాకీల చార్జింగ్ కోసం జనరేటర్ వేశాడు. కేబుల్ దాని పక్కగానే వెళ్తోంది. ఫోన్ తెర మీద లైను ఉందని చూపే గుర్తు ఆరిపోయింది. కొసలు కత్తిరించి కొత్త కనెక్టర్లు బిగించాను. టెస్టర్‌లో మళ్లీ ఎనిమిది దీపాలు. ఫోన్ మాత్రం పలకలేదు.

సుబేదార్ హిందీలో అన్నారు: "ఇది దీపావళి కాదు, దీపాలు చూసుకోవడానికి. నాకు ఎల్లారెడ్డి కావాలి."

2:40కి ఫోన్, చిన్న బ్యాటరీ, ఫోన్ పెట్టెలోనే వచ్చిన అడుగున్నర కంపెనీ కేబుల్ పట్టుకుని గుట్ట ఎక్కాను. ఫోన్‌ను నేరుగా రేడియోకే తగిలించాను. ఎల్లారెడ్డి నుంచి విజయనగరం ఆపరేటర్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఎక్కడ చచ్చావురా! రెండూ అయిదు నుంచి పిలుస్తున్నాను. కట్ట తెగిపోయింది."

నా చేతిలో ఆ చిన్న కేబుల్ కొస ఉంది. ఆకుపచ్చ జంటలోని తీగలు మూడో స్థానంలో ఒకటి, ఆరో స్థానంలో ఒకటి. నేను బిగించినది అలా లేదు. ఏ రంగు తీగ పక్కన ఆ రంగు జంట తీగను వరుసగా పేర్చాను. మూడు, ఆరు స్థానాలు కలిసి ఒకే సంకేతాన్ని మోస్తాయి. ఆ రెండూ ఒకే మెలికలో ఉంటేనే జనరేటర్ లాంటి వాటి నుంచి వచ్చే విద్యుత్ రొద రద్దవుతుంది. నా వరుసలో అవి వేర్వేరు మెలికలవి. తీగ కొస దాకా అందిందా లేదా అన్నదే టెస్టర్ చూస్తుంది; ఏది దేనితో మెలిపడిందో చూడదు. సైన్యంలో చేరకముందు కామారెడ్డి ఇంటర్నెట్ సెంటర్‌లో నేను నేర్చినది ఆ వరుసే. అక్కడ పదడుగుల వైర్లు, చక్కగా పనిచేసేవి. సైన్యం సరైన వరుస నేర్పింది. అయిదేళ్లు తప్పకుండా అలాగే చేశాను. ఆ ఉదయం తొందరలో చెయ్యి పాత వరుసకు పోయింది.

గుట్ట మీది నుంచే కేక వేశాను. 3:02కి పడవ పల్లెకు చేరింది. బర్రెలను గుట్టమీదికి తోలేంత వేళ మిగల్లేదు. మొదటి విడతలో ఆరుగురిని తెచ్చాం. అందులో ఒకరిని మంచంతో సహా ఎత్తాల్సి వచ్చింది. రెండో విడతకు వెళ్లేసరికి పల్లె వీధిలో మోకాలి లోతు నీళ్లు. బర్రెల కొట్టం వాగు వైపు పల్లంలో ఉంది. అక్కడ నడుము దాటింది. నేను కత్తి తీసి అటు రెండడుగులు వేశాను.

"ఎవరూ దిగొద్దు. ఇది ఆర్డర్" అని వాకీటాకీలో సుబేదార్.

హవల్దార్ నా బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు. అవ్వను ఇద్దరం కలిసి ఎత్తి పడవలో కూర్చోబెట్టాం. ఆమె బడి ఉన్న ఒడ్డు చేరాక నా వైపు తిరిగి చూసింది.

"గంట అంటివి గద బిడ్డా."

సాయంత్రం రెండు కొసలూ కత్తిరించి సరైన వరుసలో బిగించాను. ఆ తర్వాత ఒక్క మాట కూడా తెగలేదు. అయిదో రోజు కామారెడ్డిలో రైలెక్కాం. పదకొండు మందీ క్షేమమని సుబేదార్ రిపోర్టు రాశారు. అది నిజం.

సైన్యం నుంచి వచ్చేశాక ఆ రోజు గురించి అడిగిన వాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ పడవ మళ్లినప్పుడు కొట్టం లోపలి భాగం ఒక్కసారి కనిపించింది. మూడు తలలు నీటిపైకి ఎత్తి ఉన్నాయి. మెడల నుంచి నీళ్లలోని గుంజలకు మూడు తాళ్లు, బిగుసుకుని, తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి.