మారుమూల అన్న పాపానికి

ఒక్క మాటతో సొంత పెళ్లి చెడగొట్టుకోవడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి రావచ్చు. నేను ఆ పని పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారేలోగా దాదాపు చేసేశాను. మా మావగారు పోయి నెల కాలేదు. అప్పట్నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే చాలు, "ఏంటండి బాబూ, మారుమూలేనాండి?" అని ఆయన గొంతు వినిపిస్తుంది. రాసేస్తేనైనా ఊరుకుంటారేమో చూడాలి.

మావగారి వాళ్లది గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. రేవులో పంటు ఎక్కి దాటాలి. బైకులు, గడ్డిమోపులు, ఒక ఆవు, మా అమ్మ, నేను కలిసి దాటాం. పెళ్లికూతురు దుర్గ ఫొటోలోనే నాకు నచ్చేసింది. ఈ సంబంధం ఎలాగైనా కుదరాలి. అందుకని వాళ్ల నాన్న సూర్యారావు గారిని మంచి చేసుకుందామని నోరు తెరిచాను.

"ఇంత మారుమూల ప్రాంతంలో, జనావాసాలకి ఇంత దూరంగా ఉండి కూడా అమ్మాయిని డిగ్రీ చదివించారంటే గొప్ప విషయమండి."

ఫ్యాను తప్ప అందరూ ఆగిపోయారు. జనావాసాలకి దూరం అన్నానా, గది నిండా జనం, కిటికీల నిండా జనం, అందరూ నన్నే చూస్తున్నారు.

"మారుమూలంటే ఎక్కడండి?" సూర్యారావు గారు నెమ్మదిగా అడిగారు.

"ఇదేనండి... అంటే, బాగా చివర కదండి..."

"ఎక్కడ నిలబడి చూస్తే చివరండి?"

అమ్మ మోచేత్తో పొడిచింది. అక్కడ ఆగి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆగానా?

"రాజమండ్రి నుంచండి. మాది సిటీ కదండి."

"ఆయ్! సిటీయాండి!"

కోపం వస్తే మావైపు వాళ్లు అరవరు. పెడతారు. ఇంట్లోవాళ్లు తలో డబ్బా పట్టుకొచ్చారు.

"మా మారుమూలలో ఏం దొరుకుతాయండి, ఇంట్లో చేసిన సున్నుండలేనండి. తీసుకోండి."

"కాజాలు తెప్పిద్దామంటే దారుండొద్దాండి! జంతికలతో సరిపెట్టుకోండి మరి."

నా పళ్లెంలో సున్నుండలు గోదాట్లో ఇసుకమేటలా పెరిగిపోతున్నాయి. పారిపోదామంటే పంటు అవతలి ఒడ్డున ఉంది. లేస్తాను, కిటికీలోంచి రేవు చూస్తాను, కూర్చుంటాను, ఇంకో సున్నుండ. చివరికి దుర్గ కూడా వచ్చి, "ఇంకోటి తీసుకోండి, దారిలో షాపులుండవు" అంది నవ్వు ఆపుకుంటూ. ఆ నవ్వు చూశాక ఆశ పెరిగింది, భయమూ పెరిగింది.

పంటు ఎక్కుతుంటే సూర్యారావు గారు అన్నారు: "మీ సిటీ ఇల్లు చూసి ఏ సంగతీ చెబుతామండి."

పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూసుకోవడం మావైపు మామూలే. అక్కడ మనసు విరిగితే సంబంధం అంతటితో సరి.

ఇప్పుడు మీకో నిజం చెప్పాలి. మాది రాజమండ్రి అన్నానే, అది నోటిమాటే. హైవే దాటి, కాలువ దాటి, కొత్తగా వేసిన ప్లాట్లలో మాదొక్కటే ఇల్లు. మిగతావి సరిహద్దు రాళ్లు. ప్లాట్లు అమ్మినవాళ్లు కోటగుమ్మమంత ఆర్చి కట్టి, దాని వెనక రోడ్డు వేయడం మర్చిపోయారు.

సూర్యారావు గారు సరిగ్గా వాన వెలిసిన రోజు వచ్చారు. ఫోను మోగింది.

"బాబూ, ఆర్చి దగ్గరున్నానండి. ఇంక లోపలికి రానని ఆటో అతను దింపేశాడండి. సిటీ ఏ వైపండి?"

"తిన్నగా లోపలికి వచ్చేయండి."

"లోపలంతా గేదెలున్నాయండి."

"అవి దాటితే మా ఇల్లేనండి."

కొంతసేపటికి ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని, నాట్లు వేసి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డారు. నేను కాళ్లకి నీళ్లిచ్చాను. అమ్మ డికాషన్ ఒక్కటే పట్టుకొచ్చింది.

"వానపడితే పాలు రావండి అన్నయ్యగారూ" అంది బిక్కమొహంతో.

"ఫర్వాలేదండి చెల్లెమ్మా. మా మారుమూలలో పాలకి లోటు లేదు గానీ, సిటీ కదండి, సర్దుకోవాలి."

ఆ నల్లటి కాఫీని ఆయన గుక్క గుక్కగా తాగుతుంటే నేను గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతున్నాను. దుర్గ నవ్వు ఇక ఫొటోలో చూసుకోవడమే అనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూశారు. సరిహద్దు రాయి మీద కొంగ వాలింది.

"మా అమ్మాయి సిటీలో ఇమడగలదో లేదోనని బెంగగా ఉండేదండి," అన్నారు. "ఆ బెంగ తీరిపోయింది. ఇక్కడ పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది. ఇంకాస్త వెనకబడి ఉందనుకోండి, అలవాటు చేసుకుంటుంది. ముహూర్తం పెట్టించమంటారా?"

ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడల్లా పాల క్యాను మోసుకుని, బురద తొక్కుకుంటూ వచ్చేవారు.

మొన్న ఆయన పెద్దకార్యానికి వెళ్తూ పంటు మీద, గోదావరి మధ్యలో, ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో ఏ ఊరినీ మారుమూల అనను. అనక తప్పని పరిస్థితే వస్తే, ముందు మా ఆర్చి కింద నిలబడి, లోపలికి వచ్చే ఆటో ఒక్కటి దొరికాక అంటాను.

ఇప్పటికీ దొరకలేదు.