రెండు కెమెరాలు, ఒకే చెయ్యి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, ఖరీఫ్ అని పిలిచే అక్కడి వానకాలపు జల్లులు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను ఒమన్ రాజధాని మస్కట్ నుంచి దక్షిణాన ఉన్న సలాలాలోని ఒక ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సీనియర్ మెడికల్ ఫొటోగ్రాఫర్. ఆ మాట చెబితే మా కడపలో చాలామంది నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాననుకునేవారు. మా పని వేరు. గాయాలు, చర్మవ్యాధులు ఎలా మారుతున్నాయో డాక్టర్ల కోసం నమోదు చేస్తాం. ప్రతిసారీ అదే దూరం, అదే లెన్స్, అదే ఫ్లాష్. అన్నిటికన్నా గట్టి నియమం, కెమెరా ఇచ్చిన ఫొటోను ముట్టుకోకూడదు. వెలుగు పెంచడం, రంగు దిద్దడం నిషిద్ధం. రేపు కేసు కోర్టుకెక్కినా ఆ ఫైలు కెమెరాలోంచి వచ్చినట్టే ఉండాలి.

అక్కడ నాకు తారసపడిన పేషెంట్ లింబాద్రి. నిజామాబాద్ వైపు మనిషి, సలాలా పక్కనున్న రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో పని. ఆవిరి పైపు పగిలి కుడి ముంజేయి కాలింది. మస్కట్‌లో తొడ చర్మం తీసి చేతికి అతికించి, డ్రెస్సింగ్ కోసం సలాలాకు తిప్పి పంపారు. నేను వారం వారం ఫొటోలు తీసి పంపితే, ఆపరేషన్ చేసిన సర్జన్ పాతవాటి పక్కన పెట్టి చూసేవారు. అతికించిన చర్మం చుట్టూ ఎరుపు తగ్గుతుంటే మానుతున్నట్టు. పెరిగితే ఇన్‌ఫెక్షన్ వచ్చిందని అనుమానించాలి.

లింబాద్రికి సెలవు మంజూరైంది. తాను ఇక్కడికి వచ్చాక పుట్టిన కొడుకును ఇంకా ఎత్తుకోలేదు. వాడి పుట్టు వెంట్రుకలు వేములవాడలో తీయించడానికి ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ మధ్యలోనే మా కెమెరా మారింది. పాతదాని షట్టర్ వయసు అయిపోయిందని, అదే కంపెనీ తర్వాతి మోడల్ ఇచ్చారు. చేతిలో పట్టుకుంటే రెంటికీ తేడా తెలియదు. నియమం ప్రకారం, రంగు తేడా పట్టుకునే తెలుపు, బూడిదరంగు కార్డును ఫొటో తీసి చూశాను. తెలుపు, బూడిద రెండూ సరిగ్గానే వచ్చాయి. కొత్తదానితో లింబాద్రి చెయ్యి ఫొటో తీసి పంపాను.

మర్నాడు మస్కట్ నుంచి జవాబు వచ్చింది. ఎరుపు స్పష్టంగా పెరిగింది, ప్రయాణం ఆపి వెంటనే ఇక్కడికి పంపండి, మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు అని.

కబురు విని లింబాద్రి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నొప్పి లేదు మేడం, సలుపు లేదు. జర దురద ఉన్నది, గంతే. ఫొటోల ఎర్రగ వడ్తె నేనేం జేద్దు?" అన్నాడు.

నా కంటికీ ఎరుపు పెరిగినట్టు లేదు. కానీ పోయిన వారం చూసిన రంగు కంటికి గుర్తుంటుందని నమ్మడానికి లేదు. పైగా నా అనుమానం తప్పయి, అది నిజంగా ఇన్‌ఫెక్షనే అయితే, అడ్డుపడినందుకు అతని చెయ్యి పోవచ్చు. ఆ భయంతోనే మా విభాగాధిపతి దగ్గరికి వెళ్లి, బీరువాలో పెట్టిన పాత కెమెరా ఒక్కసారి ఇమ్మని అడిగాను. లెక్కలోంచి తీసేసిన వస్తువు ఎందుకన్నారు. చెప్పాను. తాళం చెవి ఇచ్చారు.

లింబాద్రిని కూర్చోబెట్టి, చేతి పక్కన రంగుల గళ్లున్న అట్ట పెట్టాను. ఒకే లెన్స్‌ను పాత కెమెరాకు, తర్వాత కొత్తదానికి బిగించి తీశాను. పక్కనే నా చెయ్యి పెట్టి మరో జత తీశాను. తెరమీద పక్కపక్కన తెరిస్తే సంగతి తేలిపోయింది. బూడిద గడి రెంటిలోనూ ఒకటే. ఎర్ర గడి, గులాబీ గడి మాత్రం కొత్త కెమెరాలో చిక్కగా వచ్చాయి. ఏ గాయమూ లేని నా చెయ్యి కూడా అందులో ఎండన పడి వచ్చినట్టుంది. మనుషుల ముఖాలు కళగా కనబడాలని కంపెనీవాళ్లు కొత్త మోడల్లో ఎరుపుకు కాస్త ఊతమిచ్చారు. పెళ్లి ఫొటోలకు అది సుగుణమే.

ఏది ఏ కెమెరాదో రాసి అన్నీ మస్కట్‌కు పంపాను. సర్జన్ ఫోన్ చేశారు. తేడా కెమెరాది కావచ్చని ఒప్పుకున్నారు. "అలాగని ఇన్‌ఫెక్షన్ లేదని ఫొటో చెబితే మాత్రం నేను నమ్మను. అక్కడి డాక్టరును చెయ్యి పట్టుకుని చూడమనండి" అన్నారు.

మా డాక్టరు నొక్కి చూశారు, వేడి చూశారు, రక్తపరీక్ష చేయించారు. వాపు లేదు, వేడి లేదు, పరీక్ష శుభ్రంగా వచ్చింది. సాయంత్రానికి ప్రయాణానికి అనుమతి వచ్చింది. "ఎండకు సూపియ్యద్దన్నరు గదా, ఫుల్ షర్ట్ కొంట" అని లింబాద్రి లేచాడు.

వేములవాడ నుంచి ఫొటో పంపాడు. గుండుతో ఏడుస్తున్న పిల్లవాణ్ని కుడిచేత్తోనే ఎత్తుకున్నాడు. ఫోను ఇద్దరినీ తనకు తోచినంత తెల్లగా చేసింది కాబట్టి, అతికించిన చర్మం రంగు గురించి దాన్నిబట్టి ఏమీ చెప్పలేకపోయాను. పట్టు మాత్రం బాగుందని సర్జన్‌కు రాశాను.

ఆ తర్వాత మా విభాగంలో పద్ధతి మార్చాం. ప్రతి ఫొటో కింద కెమెరా మోడల్, రంగుల సెట్టింగ్ రాయడం మొదలుపెట్టాం. చికిత్స నడుస్తున్న పేషెంటుకు కెమెరా మార్చాల్సి వస్తే, మొదటిసారి రెంటితోనూ తీయాలి. కొత్తదాన్ని ఎరుపు తగ్గే సెట్టింగ్‌లో పెట్టినా పాతదానితో పూర్తిగా కలవలేదు. కలపాలని పట్టుబట్టడం కూడా మానేశాం.

ఫొటోను ముట్టుకోకపోతే అది ఉన్నది ఉన్నట్టు వచ్చినట్టేనని నేను ఉద్యోగంలో చేరినప్పుడు నేర్పారు. అందులో సగమే నిజం. మనం ముట్టుకోకముందే కెమెరా ముట్టుకుంటుంది. ఎంత ముట్టుకుందో తెలిసి ఉంటే ఆ ఫొటో పనికొస్తుంది.