వెనక ఎర్ర లైటు వెలిగిందట

మా ఇంటి ముందు ఒకప్పుడు స్పోర్ట్స్ కారు ఉండేదంటే ఎవరూ నమ్మరు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మా అమ్మ ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. కోచింగుల కోసం ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు వండిపెట్టడంతోనే ఆమె జీవితం గడిచింది. గ్యాస్ బండి వస్తే ఆటో వెనక్కి పోవాల్సిన సందు అది. అలాంటి సందులో, అమ్మ కూర్చుని వంకాయలు తరిగే అరుగు పక్కన, రెండే సీట్లున్న ఎర్ర కారు నేలకు ఆనుకుని పడుకుని ఉండేది. అది మా తమ్ముడిది.

వాడేమీ కోటీశ్వరుడు కాదు. సినిమా షూటింగులకు కార్లు అద్దెకు ఇచ్చేవాడు. ఆ ఎర్ర కారును కూడా అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తెర మీద అది గాల్లో ఎగిరేది. షూటింగులో మాత్రం చాలాసార్లు, సినిమా పనికి వచ్చే కృష్ణానగర్ కుర్రాళ్లు నలుగురు వెనక నుంచి నెట్టేవాళ్లు. "ఆలుగడ్డల బండి నయం రా, అది గింత నెట్టిచ్చుకోదు" అని అమ్మ ఏడిపించేది. వాడు నవ్వి, అమ్మ కొంగుతోనే అద్దం తుడవబోయి తిట్లు తినేవాడు.

ఒక ఆదివారం పొద్దున షూటింగ్ ఉందని టీ తాగి బయల్దేరాడు. అమీర్‌పేట దాటాడు, పంజాగుట్ట చౌరస్తా చేరలేదు. మధ్యలో మెట్రో స్తంభానికి గుద్దుకున్నాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. వాణ్ని ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో వినిపించిన మాట ఒక్కటే, స్పీడ్. టీవీ వాళ్లు అదే అన్నారు, పోలీసులు అదే రాసుకున్నారు. పరామర్శకు వచ్చిన చుట్టాలు చాప మీద కూర్చోకముందే మొదలుపెట్టేవారు. "మస్తు స్పీడ్ పోయిండంట గదా పిలగాడు." "గసొంటి బండి కొనియ్యద్దు అక్కా, నువ్వన్న చెప్పకపోతివి." పుండు మీద కారం చల్లడానికి మనవాళ్లకు ముహూర్తం అక్కర్లేదు.  ఒకరోజు అందరూ వెళ్లాక అమ్మ నన్ను అడిగింది.

"గంత మంది అంటుండ్రంటే నిజమే గావచ్చు. వాని పాణం వాడే తీసుకుండా బిడ్డా?"

 వాడికి స్పీడ్ ఇష్టమే, అబద్ధం ఆడను. ఖాళీ రోడ్డు కనపడితే వాడి కాలు ఊరుకునేది కాదు. కానీ అమీర్‌పేట, పంజాగుట్ట మధ్య ఖాళీ రోడ్డు ఎక్కడిది? ఆదివారం పొద్దున కూడా సిటీ బస్సు వెనకే పోవాలి. "ఏమో అమ్మా" అన్నాను. ఆ మాట ఆమెకు ఏ విధంగానూ పనికిరాలేదు.

పోలీసులు చూసుకుని వదిలేశాక కారును లారీ మీద తెచ్చి గేటు ముందు దింపారు. ముందు భాగం మొత్తం లోపలికి పోయింది. దాని మీద నీలం పట్టా కప్పాం. హాస్టల్ పిల్లలు తల తిప్పుకుని పక్క నుంచి పోయేవాళ్లు. అమ్మ అరుగు మీద కూర్చోవడం మానేసింది. దినం దగ్గర పడుతోంది. పాణం తీసిన వస్తువు ఇంటి ముందుంటే పోయినవాడి ఆత్మ దాన్ని పట్టుకుని అక్కడే తిరుగుతుందని మా వైపు ఒక నమ్మకం. మంచమైనా, బండైనా, దినంలోపు గడప ముందు నుంచి పోవాలి. "గది నా కండ్ల ముందట ఉండద్దు రా" అని అమ్మ తన తమ్ముడితో, అంటే మా మేనమామతో, చెప్పింది. ఆయన అక్క మాట జవదాటే మనిషి కాదు. మర్నాడే పాత ఇనుము కొనేవాళ్లను పిలిచి ఎక్కించేశాడు. కారున్న చోట పసుపు నీళ్లు చల్లాం. అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం కూడా.

నెల మాసికానికి ఫొటోకు దండ కావాలని నేనూ అమ్మా పంజాగుట్ట వైపు వెళ్లాం. చౌరస్తాకు ఇవతలే, మెట్రో స్తంభాల దగ్గర, రోడ్డు పక్కన పూలమ్మే ఆమె బంతిపూలు కడుతూ, దండ ఎవరికని అడిగింది. అమ్మ చెప్పింది. ఆమె చేతిలో దారం ఆగిపోయింది.

"గా ఎర్ర కారు పిలగాడా అమ్మా? నీ కొడుకా? నేను ఈడనే కూసున్న గాపొద్దు. నా ముంగటికెళ్లే పోయిండు. ఎనక ఎర్ర లైట్లు ఎలుగుతనే ఉండె. బండే ఆగలే."

అమ్మకు కార్ల గురించి ఏమీ తెలియదు. నా వైపు తిరిగింది.

"ఎనక ఎర్ర లైటు ఎందుకు ఎలుగుతది?"

"బ్రేకు తొక్కితే వెలుగుతది అమ్మా."

 బస్సులు హారన్లు కొడుతున్నాయి. "అంటే ఆపనీకె చూసిండు" అంది అమ్మ. "నా కొడుకు ఆపనీకె చూసిండు." దండ తీసుకోవడం కూడా మర్చిపోయింది. పూలమ్మే ఆమె లేచొచ్చి చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి అమ్మకు ఒకటే పట్టుదల. బ్రేకు తొక్కినా బండి ఎందుకు ఆగలేదో ఆ కారు చేసినవాళ్లు చెప్పాలి. డబ్బు ఊసే ఎత్తలేదు. వాళ్లు నోరు తెరిచి ఒక్క మాట చెప్తే, చుట్టాల ముందు తలెత్తి కూర్చుంటుంది. అంతే ఆమెకు కావలసింది.

నాకు తెలిసిన ఒక వకీలు పంజాగుట్టలోనే ఉంటారు. కోస్తా వైపు ఆయన, నెమ్మదైన మనిషి. అమ్మ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"కంపెనీ మీద కేసు వేయొచ్చు అమ్మగారూ. పాత కారైనా, తయారీలోనే లోపం ఉంటే వాళ్లు జవాబు చెప్పుకోవాల్సిందే. అలాంటి కార్లలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. గుద్దుకునే ముందు ఎంత వేగంతో ఉంది, బ్రేకు తొక్కారా లేదా, అవన్నీ చాలావరకు అందులో ఉండిపోతాయి. బ్రేకులు కూడా విప్పి చూపించాలి. ఇంతకీ కారు ఎక్కడుందండీ?"

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనే చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కారు లేకుండా ఏంటండీ చూపించేది? పూలావిడ మాట ఒక్కటే మిగులుతుంది. దాన్ని వాళ్ల లాయర్లు ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు" అన్నారు.

మేనమామను వెంటబెట్టుకుని బోరబండ అవతల పాత ఇనుము దుకాణానికి పరుగెత్తాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. కారును ఎప్పుడో ముక్కలు చేశారు. ఇంజను ఒకరు, సీట్లు ఒకరు, వైర్లు ఇంకొకరు పట్టుకుపోయారట. ఎర్ర రంగు తలుపు ఒకటి గోడకు ఆనించి ఉంది. చిన్న పెట్టె అని అడిగితే దుకాణం అతను ఏ పెట్టె అన్నాడు. మేనమామ అక్కడే, ఆ ఇనుము మధ్యలో, కూలబడి ఏడ్చాడు.

"నీ కోసమే జేసిన అక్కా."

"నేనే గదరా తీసెయ్యమన్నది" అంది అమ్మ, ఆయన తల మీద చెయ్యి వేసి. "నువ్వేం జేస్తవ్."

నేను ఊరుకోలేక కంపెనీకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. బండిని దగ్గరలోని సర్వీస్ సెంటర్‌కు తీసుకురమ్మంది. నేను అరిచాను. ఆ అమ్మాయి అంతే మర్యాదగా, ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్ అని అడిగింది. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా మేలు.

నేను మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్తాను. తప్పు దొరికితే ముందు మెషిన్‌ను ముట్టుకోకండి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అనేది ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పే మాట. ఇప్పుడు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తాగి ముందుకు పోతాను. అక్కడే నాతో పనిచేసే ఒకతను ఒకరోజు టీ దగ్గర వాదనకు దిగాడు. "కత్తితో వేలు కోసుకుంటే కమ్మరిది తప్పంటవా అక్కా?" అన్నాడు. "పిడి ఊడి కోసుకుంటే ఎవరిది?" అన్నాను. వాడు తల గోక్కున్నాడు. గెలిచానని మీరు అనుకోవచ్చు. ఊడిందో లేదో చూడాలంటే చేతిలో పిడి ఉండాలి కదా. మా దగ్గర అదే లేదు.

నా కోపం మాత్రం తగ్గలేదు. మనిషే లేని రోడ్డు మీద, కొండల మధ్య, కారును ఉరికించి టీవీలో చూపిస్తారు. మనం కొని పంజాగుట్టలో నడుపుతాం. ఆ బండి గుట్టంతా వాళ్ల దగ్గరే ఉంటుంది. మా అమ్మకు తెలిసింది వెనక వెలిగిన లైటు ఒక్కటే. తప్పు నిరూపించే బరువు మాత్రం ఆమె నెత్తినే పెట్టారు. ఇది న్యాయం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. అయినా నిజం వేరే కూడా కావచ్చు. మా వాడే స్పీడ్‌గా పోయి ఆఖరున బ్రేకు తొక్కి ఉండొచ్చు. ఈ రెంటిలో ఏదో ఒకటి తెలిసి ఉంటే ఏడ్చి ఊరుకునేవాళ్లం. అది ఇక ఎప్పటికీ తెలియదు, నాకున్న బాధంతా అదే.

మొన్న అమ్మను కళ్ల డాక్టరుకు చూపించి పంజాగుట్ట నుంచి ఆటోలో తిరిగొస్తున్నాం. అదే రోడ్డు, అవే స్తంభాలు. మా ముందు ఒక కారు పోతోంది. అమ్మ కళ్లు దాని వెనక భాగం మీదే ఉన్నాయి. సిగ్నల్ పడింది. ఆ కారుకు ఎర్ర లైట్లు వెలిగాయి. అమ్మ ముందుకు వంగి నా మోకాలు గట్టిగా పట్టుకుంది. కారు ఆగింది. ఆమె పట్టు వదల్లేదు.

"చూడు బిడ్డా" అంది. "ఆగింది."