పసుపు రాసిన పాదాలు

మొన్న కాన్‌బెర్రాలో, మేముండే గంగాలిన్‌లో, మా అమ్మాయిని టీకాకు తీసుకెళితే, నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి దాని జబ్బ మీద రుద్దింది. పిల్లేమో సూదికి ఏడుస్తోంది, నేను ఆ వాసనకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. చూసినవాళ్ళు తల్లీకూతుళ్ళిద్దరికీ సూదంటే భయమనుకుని ఉంటారు. ఆ చల్లటి ఘాటు ముక్కుకు తగిలితే చాలు, డార్విన్‌లోని రేకుల షెడ్డు, చెమటకు తడిసిన శాటిన్, జోళ్ళు జారకుండా అద్దే గుగ్గిలం పొడి, పైన గరగరమంటూ తిరిగే పంకాలు, వాటి కింద కాళ్ళు చాపుకుని కూర్చున్న హెలెన్, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని మా నాన్నకు కాకినాడ నుంచి హైదరాబాదుకూ, అక్కడొక కోర్సు అయ్యాక డార్విన్‌లోని ప్రభుత్వ కార్యాలయానికీ దారి దొరికింది. తెలిసినవాళ్ళంతా సిడ్నీ, మెల్‌బోర్న్ అంటుంటే మేం మాత్రం ఆస్ట్రేలియా నెత్తి మీద, మొసళ్ళు తిరిగే సముద్రం పక్కన దిగాం. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలున్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం తన ఉద్యోగమని నాన్న గొప్పగా చెబితే, "రెండంకెలు దిద్దడానికి ఇంత దూరం ఈడ్చుకొచ్చారా మమ్మల్ని?" అంది అమ్మ. అమ్మకు ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. మా వెనక వీధిలోని బ్యాలే కంపెనీకి బట్టలు కుట్టేవాళ్ళు కావాలని తెలిసి, నన్ను దుబాసీగా వెంటేసుకుని వెళ్ళి పనిలో చేరిపోయింది.

కంపెనీ అంటే ఏదో పెద్ద భవనమనుకునేరు. ఒకప్పుడు రొయ్యల పడవల వలలు దాచిన షెడ్డది. డెబ్భై నాలుగులో వచ్చిన తుఫాను ఊరినంతా ఊడ్చేశాక, మళ్ళీ ఇళ్ళు లేస్తున్న కాలంలో మార్గరెట్ అనే ఆవిడ మెల్‌బోర్న్ వైపు దక్షిణాది నుంచి వచ్చి, ఇళ్ళు కట్టుకునే ఊరికి నాట్యం కూడా ఉండాలని పట్టుబట్టి, వలల కంపు పోయేదాకా కడిగించి, అడుగుకు కొంచెం ఎగిరినట్టుండే చెక్కల నేల వేయించి మొదలుపెట్టిందట. నేనెరిగేనాటికి ఆవిడ జుట్టు తెల్లబడింది, చేతికర్ర నేలకేసి కొడుతూ తాళం చెప్పేది. నాట్యం చేసేవాళ్ళు ఎనిమిదిమంది. వానల్లేని పొడికాలం వస్తే లారీలో సామాను వేసుకుని గనుల ఊళ్ళకూ, పశువుల ఫారాలకూ, ఎక్కడో ఎర్రమట్టి మధ్యనున్న బడులకూ వెళ్ళేవాళ్ళు. అక్కడ దీపాలు కట్టేదీ వాళ్ళే, చుట్ట చుట్టి తెచ్చిన నేల పరిచేదీ వాళ్ళే, అంతా అయ్యాక లారీకెక్కించేదీ వాళ్ళే. అంతకుముందే రాజకుమారిగా ఆడిన పిల్ల ఇనుప గొట్టం భుజాన వేసుకుని పోతుంటే అమ్మ నోరు తెరుచుకుని చూసేది.

వానాకాలం మొత్తం షెడ్డులోనే సాధన. వానలకు ముందు నెలల ఉక్కపోత తలచుకుంటే ఇప్పటికీ మెడ వెనక చెమట పడుతుంది. మునివేళ్ళ మీద నిలబడే ఆ జోళ్ళకు ముందుభాగంలో గట్టిదనమంతా జిగురుదే. డార్విన్ తేమకు ఆ జిగురు కరిగి జోళ్ళు నానిన అట్టల్లా అయ్యేవి. వాటికి లక్క పోసి, తాళ్ళకు వేలాడదీసి పంకాల కింద ఆరబెట్టేవాళ్ళు. బట్టలకు బూజు, బాత్రూముల్లో కప్పలు. బడి వదలగానే నేను అక్కడికే చేరి బట్టల స్టాండుల కింద బొమ్మరిల్లు పెట్టుకునేదాన్ని, నేల మీద అంటించిన గుర్తుల మీద తొక్కుడుబిళ్ళ ఆడితే మార్గరెట్ కర్ర ఠపీమని మోగేది. ఊరంతా మామిడికాయలు రాలే రోజుల్లో అమ్మ ముక్కలకు ఉప్పూకారం అద్ది తెస్తే, ముక్కులు ఎగబీలుస్తూనే అందరూ మళ్ళీ మళ్ళీ అడిగి తినేవాళ్ళు.

వాళ్ళలో పెద్ద నర్తకి హెలెన్. ముప్పై దాటిన మనిషి, సన్నగా, మాట మెత్తగా ఉండేది. ఆమెకు తల్లి చిన్నప్పుడే పోయిందని తెలిసిన రోజు నుంచి అమ్మ రెండు క్యారేజీలు కట్టడం మొదలుపెట్టింది. హెలెన్ ముఖమెంత అందమో కాళ్ళు అంత భయంకరం. వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి, గోళ్ళు నల్లబడి, చివర్లూ పక్కలూ కాయలు కాసి బండబారిపోయి ఉండేవి. సాధన అయిన వెంటనే దూదితో వాటికి స్పిరిట్ రుద్దుకునేది. అది పుళ్ళకు మందనుకుంది అమ్మ. ఆ చర్మాన్ని గట్టిపరచడానికే ఆమె ఏళ్ళ తరబడి అలా రుద్దుతోందని మా ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

ఆ ఏడాది ఆగస్టులో కంపెనీ బతుకు ఒక్క ప్రదర్శన మీద ఆగింది. కంపెనీని నడిపిస్తున్న ప్రభుత్వ సాయాన్ని కొనసాగించాలా వద్దా తేల్చడానికి దక్షిణాది నుంచి పెద్దలు శనివారం చూడటానికి వస్తున్నారు. ఆటలో చివరి భాగమంతా హెలెన్‌దే, ఆ పాత్ర తెలిసిన ఇంకో అమ్మాయి మోకాలు దెబ్బతిని ఇంటికి వెళ్ళిపోయింది. హెలెన్ నిలబడితే మనం నిలబడతామని మార్గరెట్ అందరి ముందూ అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే అమ్మ, ముందురోజు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా, హెలెన్‌ను పేరంటానికి పిలవాలని నిశ్చయించేసింది.

ఆ సాయంత్రం ఇల్లంతా బూరెల నూనె వాసన, పులిహోర ఇంగువ వాసన, హైదరాబాదు డాక్టరుగారి భార్య నఫీసా ఆంటీ వాళ్ళ పెరట్లోంచి పంపించిన దేవగన్నేరు పూల వాసన. హెలెన్ పొద్దుటి నుంచీ సాధన చేసి వచ్చింది. తోరం కట్టించుకుని, నానబెట్టిన శనగలు ఒక్కొక్కటే తిని, సోఫాలో వెనక్కి వాలింది. అమ్మ కింద కూర్చుని పాదాలకు పసుపు రాస్తుండగానే ఆమెకు నిద్ర పట్టేసింది.

"చూడవే ఆ కాళ్ళు. అడిగే దిక్కు లేనట్టుంది ఈ పిల్లకి," అంది అమ్మ. నేను లేపబోతే, "పడుకోనీ పాపం. ఆ ఉప్పునీళ్ళు కాచినవి ఇలా పట్రా," అంది.

వేడినీళ్ళలో ఆ కాళ్ళను బాగా నానబెట్టింది, అలసిపోయిన హెలెన్‌కు మెలకువే రాలేదు. కాళ్ళు రుద్దుకునే రాయి తెచ్చి, మడమలు, వేళ్ళ పక్కలు, వేళ్ళ చివర్లు, ఎక్కడా గరుకు తగలకుండా ఓపిగ్గా రుద్దింది. తొట్టి నీళ్ళ మీద తెల్లటి పొట్టు తేలింది. తర్వాత ఆముదం వెచ్చబెట్టి పట్టించింది, ఆ మీద మళ్ళీ పసుపు రాసి, అంచుల వెంట పారాణి దిద్దింది. పురిటికి వచ్చిన కూతురికి చేసినంత ముద్దుగా చేసింది. నేను పక్కన కూర్చుని, ఆ కాళ్ళు అందంగా అయిపోవడం చూసి సంబరపడ్డాను.

హెలెన్ లేచి పాదాల వంక చూసుకుంది. బొటనవేలి పక్కన వేలితో నొక్కింది, అది చంటిపిల్ల బుగ్గలా లోపలికి పోయింది. ఆమె ముఖంలో రక్తం లేదు. కళ్ళనీళ్ళతో అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "థాంక్యూ, భారతీ. నోబడీస్ ఎవర్ డన్ దట్ ఫర్ మీ," అంది. ఆ కన్నీళ్ళు ప్రేమవే అనుకున్నాం మేమిద్దరం.

శనివారం పొద్దున్నుంచీ ఆమె కాళ్ళు స్పిరిట్‌లో పెట్టుకుని కూర్చుంది. ఆట మొదలైంది. అమ్మా నేనూ తెర పక్కన, సూదీదారం పట్టుకుని నిలబడ్డాం. మొదటి సగం గడిచింది. రెండో సగంలో లేత గులాబీ శాటిన్ మీద వేళ్ళ దగ్గర మచ్చ కనబడింది, తిరిగిన కొద్దీ అది పెద్దదైంది. హెలెన్ ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది. లేవాల్సిన చోట లేవలేక అరికాళ్ళ మీదే ఆడింది, మళ్ళీ లేచింది, తిరుగుతూ తిరుగుతూ కూలిపోయింది. తెర దించేశారు. చొక్కా చేతికింద దాచుకున్న తోరం అప్పుడు బయటికి కనబడింది.

జోళ్ళు విప్పింది అమ్మే. వాటితోపాటు వేళ్ళ చర్మం ఊడివచ్చింది. పసుపూ నెత్తురూ కలిసిన ఆ మెత్తటి పాదాలను చూసినప్పుడు, ఎవరూ చెప్పకుండానే, అమ్మకు అర్థమైంది. ఆమె నోటి వెంట వచ్చిన శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు, వినకూడదని కోరుకుంటాను.

ఏమైందని మార్గరెట్ అడిగితే, "న్యూ షూస్. మై ఫాల్ట్," అంది హెలెన్, అమ్మ వైపు చూడకుండా. అమ్మ ముందుకెళ్ళి, వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలతో, "నో, నో, మై మిస్టేక్," అని గుండెల మీద కొట్టుకుంది. జోళ్ళ రిబ్బన్లు కుట్టేది అమ్మే కదా, మార్గరెట్ వాటి సంగతనుకుని, రిబ్బన్లకేం కాలేదని భుజం తట్టి వెళ్ళిపోయింది. చేసిన తప్పుకు తిట్లు కూడా దొరకని మనిషి అమ్మ.

పెద్దలు మర్యాదగా చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. సాయం రాదన్న కబురు వానలకు ముందే వచ్చింది. ఆ కబురుకు వేరే కారణాలూ ఉన్నాయని నాన్న ఎన్నిసార్లు చెప్పినా అమ్మ చెవికెక్కలేదు. హెలెన్ వేళ్ళు చీముపట్టి, మానేసరికి ఆడటానికి కంపెనీ లేదు. ఆమె దక్షిణాదికి వెళ్ళిపోయింది, తర్వాత ఎక్కడుందో మాకు తెలియలేదు. కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు ఒక్కటీ ఆగలేదు, నాన్న పని మాత్రం ఆగింది. మేం కాన్‌బెర్రా చేరేనాటికి ఆ షెడ్డులో చెక్కల నేల పీకేసి ఏదో ఇంటర్నెట్ కంపెనీ పెట్టారు. అదీ ఎక్కువకాలం నిలవలేదట. ఇప్పుడక్కడ షెడ్డే లేదు.

టీకా వేయించిన వారానికే శ్రావణ శుక్రవారం వచ్చింది. మా ఇంటినిండా పేరంటాళ్ళు. అమ్మ అన్నీ చేస్తుంది, బూరెలు వండుతుంది, తోరాలు కడుతుంది. పాదాలకు పసుపు మాత్రం రాయదు, గిన్నె వాళ్ళ చేతికే ఇచ్చేస్తుంది. నడుం నొప్పేమోననుకుంటారు అందరూ. ఈసారి మా అమ్మాయి వచ్చి ఆమె ముందు కూర్చుని కాళ్ళు చాపింది. ఇక్కడ బ్యాలే క్లాసుకు వెళుతోంది, ఈ ఏడే మునివేళ్ళ జోళ్ళు కొన్నాం.

"అమ్మమ్మా, మై టర్న్!"

అమ్మ వంగి ఆ బొటనవేలి పక్కన చూసింది. అక్కడ చర్మం అప్పుడే కొంచెం గట్టిపడుతోంది. పసుపు గిన్నె తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు రాయవే. పైపైనే రాయి," అంది. "వేళ్ళ జోలికి మాత్రం పోకు."